మేష్టారి గ్రీకులూ నా లాగ్‌బుక్కూ

నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను, మళ్లీ పరీక్ష కట్టలేదు. మా ఆయన నర్సు ఉద్యోగం మీద మేం డబ్లిన్ వచ్చి బోమాంట్ వైపు ఇల్లు తీసుకున్నాం. మా పాప పెద్దబడికి వెళ్లడం మొదలుపెట్టాక నేను కేరర్ కోర్సులో, అంటే ముసలివాళ్లని వాళ్ల ఇళ్లలోనే చూసుకునే పనికి, చేరాను. పుస్తకం పాప చదివి వినిపించేది, నేను విని గుర్తుపెట్టుకునేదాన్ని. చదవడం నాకు నెమ్మది గానీ, విన్నది మాత్రం పోదు. ఏ పెళ్లిలో ఎవరు ఎవర్ని ఏమన్నారో, ఆ పూట ఏ కూర వడ్డించారో కూడా చెప్పగలను. "నీతో పోట్లాట పెట్టుకోకూడదే తల్లీ, పాత మాటలన్నీ మూటగట్టి అటక మీద పెడతావు" అంటాడు మా ఆయన.

ఆ కోర్సులో ఒక పాఠం నా బుర్రలో మేకు దిగినట్టు దిగింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లలో ఎవరో చేరతారు, తిండి మానిపిస్తారు, భయపెడతారు. అలాంటి మాట ఏది వినపడినా వాళ్లు అన్నది అన్నట్టే రాయాలి, మన అభిప్రాయం కలపకూడదు. అందుకోసం ప్రతి ఇంట్లో ఒక ఫోల్డరు, అందులో లాగ్‌బుక్కు ఉంటాయి. స్నానం అయింది, ఓట్స్ గంజి తాగారు, మందులు వేసుకున్నారు అని రాసి, కింద సంతకం పెట్టి బయటికి రావాలి.

కోర్సయి పని దొరికాక, చలి ముదురుతున్న రోజుల్లో ఆఫీసువాళ్లు నన్ను మేష్టారింటికి పంపారు. ఎనభై ఆరేళ్ల మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, ట్రాలీ అని దూరపు ఊళ్లో కాపురం. బడిలో పాత భాష చెప్పేవారని ఆఫీసులో అన్నారు. ఈ దేశంలో పాత భాష అంటే ఐరిషే కదా అనుకుని నేను ఇంకేం అడగలేదు. తనని పేరు పెట్టి పిలవమన్నారాయన. నాకు నోరు రాలేదు. చదువు చెప్పినవాళ్లని మా వైపు మేష్టారంటామండీ అంటే, ఆ మాట రెండుసార్లు నోట్లో తిప్పుకుని, "గ్రాండ్, అదే ఉంచు" అన్నారు.

మొదటి వారంలోనే తేడా వచ్చింది. టోస్టు మీద డబ్బాలోని చిక్కుడు గింజలు వేడిచేసి పెట్టాను. ఆయన చెంచాతో గింజల్ని పక్కకు నెట్టేశారు.

"ఇవి వద్దమ్మా. ఆయన ఒప్పుకోడు."

"ఎవరండీ?"

"చాలా కఠినమైన మనిషి. పోయినవాళ్ల ఆత్మలకీ వీటికీ సంబంధం ఉందంటాడు. ఆయన దగ్గర చేరినవాళ్లు అయిదేళ్లు నోరు విప్పకూడదు. లోపల విన్నది బయట చెప్పకూడదు."

దుర్బోధకులు ఇళ్లలో ఎలా చేరతారో మా చర్చి సంఘంలో చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని. ముందు తిండి మీద ఆంక్ష, తర్వాత రహస్యం, ఆ తర్వాత మనిషే వాళ్ల చేతిలోకి పోతాడు. ఆయన టీవీ ముందు కూర్చోగానే నేను వంటింటి ప్రెస్, అదే గోడ అలమర, తెరిచి కప్పులు లెక్కపెట్టాను. సింకులో రెండు కప్పులున్నాయి. పెరటి తలుపు గడియ చూశాను. హాల్లో బూట్లు చూశాను, అన్నీ ఒకే సైజు. అయినా అనుమానం తీరలేదు. బుక్కులో నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను: గింజలు తినలేదు. ఒక మనిషి ఒప్పుకోడు అన్నారు. ఆ మనిషి ఎవరో చెప్పలేదు.

తర్వాత ఆయన మాటల్లోకి ఇంకొకడు వచ్చాడు. కుండలో కాపురముంటాడట. పట్టపగలు దీపం పట్టుకుని మంచి మనిషి కోసం వీధుల్లో వెతుకుతాడట. "ఒకసారి వాణ్ని ఇక్కడికి పిలుద్దామనుంది. కాకపోతే చేయకూడని పనులన్నీ వీధిలోనే చేస్తాడు, గార్డులు వచ్చి పట్టుకుపోతారు" అని మేష్టారు తనలో తను నవ్వుకున్నారు. పోలీసుల పేరెత్తగానే నాకు నవ్వెక్కడ వస్తుంది? పిలుస్తారట అని రాశాను.

వీళ్లందరికీ పేర్లున్నాయి, ఆయన చెప్పేవారు కూడా. ఆ పేర్లు నా నోటికి ఎక్కలేదు. ఇక్కడివాళ్ల పేర్లే నాకు సగం తిరగవు, అందులో ఇవొక లెక్కా? మనుషులు మాత్రం చేసిన పనులతో గుర్తుండిపోయారు.

ఒకరోజు వేడినీళ్ల బేసిన్లో ఆయన పాదాలు కడుగుతున్నాను. మంచుగడ్డల్లా ఉన్నాయి.

"ఆయనకీ ఇలాగే మొదలైంది" అన్నారు మేష్టారు. "ముందు పాదాలు చల్లబడ్డాయి, తర్వాత పిక్కలు. చలి గుండెదాకా పాకితే అయిపోయింది."

"ఎవరికండీ?"

"నాకు అందరికన్నా ఇష్టమైనవాడికి. కప్పులో విషం ఇచ్చారు. ఇచ్చినవాడే ఏడ్చాడు. ఈయన మాత్రం టీ తాగినట్టు తాగేశాడు."

"ఎవరిచ్చారు మేష్టారూ?"

"ఊరివాళ్లే. కుర్రాళ్లని పాడుచేస్తున్నాడనీ, ఊరి దేవుళ్లని లెక్కచేయడనీ ముగ్గురు ఫిర్యాదు చేశారు. నిజానికి ఆయన చేసిందల్లా ప్రశ్నలు అడగడమే."

ఆ పూట బుక్కులో పెద్దక్షరాలతో రాశాను. బస్‌స్టాపులో నిలబడి ఆఫీసుకి ఫోను కూడా చేశాను.

రెండు రోజులకి పబ్లిక్ హెల్త్ నర్సు వచ్చింది. ట్రాలీ నుంచి కూతురూ కారేసుకుని వచ్చింది. ముందు గదిలో వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాను. తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తున్నాను, చెవులు అటు పెట్టి.

"వీళ్లంతా నాకు చిన్నప్పటి నుంచి తెలుసు" అంటోంది కూతురు. "నాన్న బడిలో గ్రీకు చెప్పారు. వీళ్లు ఆయన పుస్తకాల్లోని తత్వవేత్తలు. కానీ అప్పుడు పుస్తకాల్లోనే ఉండేవాళ్లు. ఇప్పుడు ఇంట్లోకి వచ్చేశారు. ఆవిడ రాసింది చూడండి. గింజలు తినొద్దన్నాడట, ఇంటికి పిలుస్తారట, కప్పులో విషం ఇచ్చారట. తన కాళ్లు కూడా అలాగే చల్లబడుతున్నాయన్నారట. వాళ్లు చచ్చిపోయారని నాన్నకి గుర్తుందా అసలు?"

నర్సు నెమ్మదిగా ఏదో అంది. కూతురి మాటలే మళ్లీ వినపడ్డాయి. ట్రాలీలో తన ఇంటికి దగ్గర్లో ఒక నర్సింగ్ హోములో చోటుందట. మూడు వారాల్లో మళ్లీ కూర్చుని, మతి నిలకడగా లేదని తేలితే తీసుకుపోతానంది.

మేష్టారికి ఆ ఇల్లు తప్ప ఇంకోటి తెలియదు. ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవారు. నా రాత వల్ల ఆయన ఇల్లు పోబోతోంది.

మర్నాడు నేను వెళ్లేసరికి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు.

"ఆయన మీద ఫిర్యాదు చేయడానికి ముగ్గురు కావలసి వచ్చింది. నాకు నువ్వొక్కదానివే సరిపోయావు" అన్నారు. ఆ తర్వాత మాట లేదు. బొత్తాలు పెడుతుంటే గోడ వైపు చూస్తారు. గంజి ఇస్తే తాగుతారు. అంతే.

ఇంటికొచ్చి పాపకి అంతా చెబితే అది సోఫాలో పొర్లి పొర్లి నవ్వింది.

"మామ్! వాళ్లు ఏన్షియంట్ గ్రీక్స్! దే'ర్ డెడ్ లైక్ టూ థౌజండ్ ఇయర్స్! నువ్వు వాళ్ల మీద కంప్లైంట్ రాశావా? దట్స్ గ్యాస్!" ఇక్కడి పిల్లల భాషలో గ్యాస్ అంటే భలే నవ్వులాట.

"నవ్వకే. ఆయన్ని తీసుకుపోతారట."

అది నవ్వు ఆపేసింది. "దెన్ టెల్ దెమ్, మామ్. హీ'స్ గ్రాండ్, బాగానే ఉన్నారని చెప్పు."

చెప్పడానికి నాకు తెలియాలి కదా. అక్కడే నా అనుమానం ఇటు నుంచి అటు తిరిగింది. వాళ్లు పుస్తకంలోవాళ్లు, సరే. మరి మేష్టారు "ఒప్పుకోడు" అన్నప్పుడు ఆ మనిషిని ఎక్కడివాడనుకుని అన్నారు? పాఠం చెప్పేవాళ్లు పోయినవాళ్లని బతికున్నట్టే చెబుతారు. మతి తప్పినవాళ్లూ అలాగే చెబుతారు. వినేవాళ్లకి తేడా ఎలా తెలుస్తుంది?

నాకు ఒకటే పద్ధతి తెలుసు. మా నాయనమ్మ ఉప్పెన కథ చెప్పేది. నీళ్లు ఎటు నుంచి వచ్చాయో, పిల్లల్ని తాడిచెట్టుకి చీరతో ఎలా కట్టిందో, మేక దూలం మీద ఎలా నిలబడి అరిచిందో. వందసార్లు చెప్పినా వరస తప్పేది కాదు. ఒక ఏడు ఆ కథలోంచి మేక పోయింది. మరుసటి ఏడు ఒక పిల్ల పోయింది. అప్పటికి ఇంట్లో ఎవరూ గమనించలేదు, నేను గమనించాను. మతి ఉన్నవాళ్లు కథకి కొత్త కండ పెడతారు, ఎముకలు మాత్రం అవే ఉంటాయి. మతి జారుతున్నవాళ్లకి ఎముకలే ఊడిపోతాయి.

కాబట్టి మేష్టారి చేత కథలు మళ్లీ చెప్పించాలి. ఆయనేమో మూగనోము పట్టారు. బతిమాలితే పలకలేదు. క్షమించమంటే పలకలేదు. చివరికి ఒకరోజు ఉక్రోషం పట్టలేక అన్నాను:

"మీ గింజలాయన పెద్ద మోసగాడిలా ఉన్నాడు మేష్టారూ. మంచి మాటైతే అయిదేళ్లు మూత పెట్టడం దేనికి?"

ఆయన తల ఇటు తిరిగింది. "ఊరివాళ్లకీ అదే అనుమానం. ఆ గుంపు చేరే ఇంటికి నిప్పు పెట్టారు."

"మరి పెట్టరా?" అన్నాను.

అంతే, గేటు తెరుచుకుంది. తప్పుపడితే తప్ప ఈ మనిషి నోరు విప్పడని తెలిసిపోయింది. ఆ రోజు నుంచి నేను గ్రీకుల్ని తిట్టడం మొదలుపెట్టాను. బొంకు లేదు, నిజంగానే నాకు వాళ్లలో చాలామంది మీద నమ్మకం కుదరలేదు. కుండాయన ఒక్కడే కాస్త నచ్చాడు. ఒక పెద్ద పండితుడు మనిషంటే రెండు కాళ్లుండి ఈకలు లేని జంతువని చెప్పాడట. కుండాయన కోడిని పీకి శుభ్రంగా బోడి చేసి తెచ్చి, ఇదిగో నీ మనిషి అన్నాడట. "కోడిని పీకడం తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడు మీవాళ్లలో" అంటే మేష్టారు దగ్గు వచ్చేదాకా నవ్వారు.

ఇంకొకాయన అన్నీ రాసిపెట్టాడట. చేపలు, పక్షులు, నక్షత్రాలు, రాజ్యాలు. ఆయనే ఆడవాళ్లకి పళ్లు తక్కువుంటాయనీ రాశాడట. ఆ పూట బస్సులో నాలుకతో నా పళ్లు లెక్కపెట్టుకున్నాను, ఎదుటి సీటావిడ నన్ను వింతగా చూసింది. కొందరు పుట్టడమే ఇంకొకరికి పని చేయడానికి పుడతారని కూడా ఆయనే అన్నాడట. ఆ మాట చెప్పేటప్పటికి నేను కింద కూర్చుని మేష్టారికి సాక్సులు తొడుగుతున్నాను. ఆయన చెబుతూ చెబుతూ ఆగి నా చేతుల వైపు చూశారు. కాళ్లు మెల్లిగా వెనక్కి తీసుకున్నారు. "ఆ మాట పట్టుకుని చాలామందిని చాలా కాలం బాధపెట్టారు" అన్నారు. రెండో సాక్సు తనే తొడుక్కోవాలని చూశారు గానీ వంగలేకపోయారు. నేనే తొడిగాను.

ఈ సందట్లో నా పరీక్ష నడుస్తూనే ఉంది. సోమవారం చెప్పిన కథని గురువారం తెలియనట్టు అడిగేదాన్ని. ఎముకలన్నీ ఉండేవి. కానీ కథలు కాని చోట్ల కొన్ని కనబడ్డాయి. పొద్దున్నే నేను వెళ్లేసరికి ఒక రోజు పొయ్యి వెలుగుతూ ఉంది, మీద ఏ గిన్నే లేదు. ఇంకో రోజూ అంతే. ఆర్పేసి ఊరుకున్నాను. బుక్కులో రాయలేదు. రాయడమంటే అప్పటికి నాకు భయం పట్టుకుంది.

మీటింగు ఇంకో రెండు రోజులుందనగా విషం తాగినాయన కథ మళ్లీ అడిగాను. ఈసారి ఇంతకుముందు చెప్పని ముక్క ఒకటి చెప్పారు. నేరం తేలాక, నీకు ఏ శిక్ష వేయమంటావని పెద్దలు ఆయన్నే అడిగారట. ఊరి ఖర్చుతో నాకు రోజూ భోజనం పెట్టండి అన్నాడట.

మేష్టారి కళ్లు మెరుస్తున్నాయి. నాకు మాత్రం మండింది.

"పిల్లలున్నారా ఆయనకి?"

"ముగ్గురు మగపిల్లలు. ఒకడు పసివాడు."

"అయితే ఇంతకన్నా తలపొగరు ఉందా? ఇంట్లో పసిపిల్లాడున్నవాడు అనాల్సిన మాటేనా అది? తప్పు చేయలేదని ఒక్క మాట మర్యాదగా చెప్పి బయటపడితే ఏం పోయేది?"

"మర్యాదగా అంటే ఏమిటి?" అన్నారు మేష్టారు.

"ఇదిగో, ఇదే నేననేది! ఎల్లుండి నర్సు ఏదైనా అడిగితే మీరూ ఇలాగే ఎదురు ప్రశ్న వేస్తారు. ఆవిడ మతి లేదని రాసుకుంటుంది. ట్రాలీ తీసుకుపోతారు మిమ్మల్ని. మీ పుస్తకాలు ఎవరో అట్టపెట్టెల్లో పడేస్తారు. ఒక్క మాట చెప్పండి నాకు. వీళ్లంతా బతికే ఉన్నారా, పోయారా?"

"నీకేమనిపిస్తోంది?" అన్నారు.

మీటింగు రోజు మేష్టారు, ఆయన కూతురు, నర్సు ముందు గదిలో కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. అలవాటు లేక కుర్చీ అంచు మీద కూర్చున్నాను. నర్సు తారీకు అడిగితే మేష్టారు చెప్పారు. ఊరు అడిగితే చెప్పారు. అప్పుడు నర్సు బుక్కు తెరిచింది.

"ఈ పుస్తకంలో ఉన్న మనుషులు మీ ఇంటికి వస్తుంటారా?"

మేష్టారు గడ్డం పైకెత్తారు. "రావడం అంటే..."

"మేష్టారూ!" అన్నాను. గట్టిగానే అన్నాను, ఇంట్లో పాపని అదిలించినట్టు. ముగ్గురూ నా వైపు తిరిగారు. ఆయన నన్నే చూస్తూ ఊపిరి వదిలారు.

"వాళ్లు పోయి రెండువేల మూడొందల ఏళ్ల పైమాట. ఈ ఇంటికి వచ్చేది ఈవిడొక్కతే."

కూతురు చేత్తో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. నేను నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకున్నాను. తప్పు నాది, మాటలు రాశాను గానీ అవి ఎవరి గురించో తెలుసుకోకుండా రాశాను అని. ఇన్నాళ్లూ ఆయన చెప్పిందంతా వరసగా ఒప్పజెప్పాను. గింజలు, నిప్పు, కుండ, కోడి, పళ్లు, విషం, ఎవరు ఎవర్ని ఎందుకు తప్పుపట్టారో కూడా. నర్సు కలం ఆపేసి విన్నది. "ఇదంతా ఆయనే చెప్పారా? ఏదీ మారకుండా?" అంది.

"మారలేదండీ. నేను పరీక్ష పెట్టాను."

మేష్టారి కనుబొమలు పైకి లేచాయి. అది ఆయనకి తెలియదు.

అప్పుడు నర్సు, చాలా మెత్తగా, "మరి మిగతా విషయాల్లో? ఏమైనా మర్చిపోతున్నారా?" అని అడిగింది.

లేదు అంటే అయిపోయేది. కూతురు నా నోటి వైపు చూస్తోంది. మేష్టారు నన్ను చూడటం లేదు, పుస్తకాల అర వైపు చూస్తున్నారు.

"పొయ్యి" అన్నాను. "రెండుసార్లు వెలుగుతూ వదిలేశారు. నేను రాయలేదు."

మేష్టారి చెవులు ఎర్రబడ్డాయి.

చివరికి తేల్చిందేమిటంటే, ఆయన ఇంట్లోనే ఉంటారు. పొయ్యి తీసేసి, దానంతటదే ఆరిపోయేది పెట్టించాలి. సాయంత్రం కూడా ఒకరు రావాలి. మూడు నెలలకోసారి కూర్చుని చూడాలి. ఏ చిన్న మరుపైనా నేను బుక్కులో రాయాలి. కూతురు వెళ్లేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టులో కృతజ్ఞత ఎంతో, నాన్నని తీసుకుపోకుండా ఆపానన్న కోపం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

మేష్టారు రెండు రోజులు నా చేతి టీ ముట్టుకోలేదు. మూడో రోజు, "నిజం చెప్పావు. నాకు కోపంగానే ఉంది. ఆ రెండూ ఉండొచ్చు" అన్నారు. టీ పెట్టమన్నారు.

మొన్న తాబేలు కథ చెప్పారు. ఈ చలికాలంలో అది మూడోసారి. ముందు బయలుదేరిన తాబేలుని ఎంత పరుగుగాడైనా అందుకోలేడట. వాడు దాని చోటుకి చేరేలోగా అది ఇంకాస్త జరుగుతుందట. అసలు కదలడమన్నదే లేదని ఒక పండితుడి వాదం. ఆ మాటకి ఒకాయన జవాబేమీ చెప్పకుండా లేచి నాలుగడుగులు నడిచి చూపించాడని చివర రావాలి. రాలేదు. మేష్టారు కప్పు కింద పెట్టేశారు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది? అంతే."

"ఒకాయన లేచి నడిచాడు కదండీ."

"ఆ, అవును. నడిచాడు" అన్నారు. చాలా తొందరగా అన్నారు. ఆ తొందర నాకు నచ్చలేదు.

బుక్కు తీసి రాశాను: తాబేలు కథలో చివరి ముక్క మర్చిపోయారు. నేను గుర్తుచేశాను. ఈమధ్య నేను రాసింది ఆయన కూడా చదువుతున్నారు. కళ్లజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టుకుని చదివి, బుక్కు నాకు తిరిగి ఇచ్చేశారు.

"ఒక ముక్క కాదు, రెండు. రెండోది నువ్వు పట్టుకోలేదు."

బస్సులో ఇంటిదాకా ఆ కథని మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి తిప్పి చూసుకున్నాను. ఏ ఎముకా తగ్గలేదు. రెండో ముక్క లేనే లేదని, నన్ను ఆడించడానికే అన్నారని నా అనుమానం. అయినా ఆయన్ని అడగలేదు. అడిగితే, అదేమిటో ఆయనా చెప్పలేకపోతే, అదీ బుక్కులో రాయాలి.